బారిష్టరు టంగుటూరి ప్రకాశము పంతులుగారు

కోర్టు అను మాట వినగనే మన పల్లెలలోని పెద్దలు దూరము నుండియే నమస్కరించెదరు. ఓడినవాడు కోర్టులో నేడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చెననియు సామెత యుండనే యున్నది. అట్టి వృత్తిలో నుండి లక్షలార్జించి, ఆ లక్షలను చేజేతుల వదలుకొని, తుదకు చేత చిల్లిగవ్వ లేక కన్నుమూసిన మహాపురుషుని చరిత్రమును ఈ రజతోత్సవ సంచికలో పాఠకుల కర్పింపదలచితిని. శ్రీ టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు ఎఱుగనివారు ఆంధ్రదేశమున లేరు. తుపాకికి ఎదురుగా ఱొమ్ము చూపిన కథ బాలురకు సైతము కంఠస్థము. కాని దానికి ముందు రమారమి పాతికేండ్లు ఆయన నల్లకోటు ధరించి ఏమి చేసెనో, ఆ విద్య పిదప దేశమున కెట్లు పనికివచ్చెనో విచారించినవారు తక్కువ. నేను గ్రామ లెక్కలు వ్రాయు వృత్తిలో నున్నవాడను గాన నా చూపు సహజముగా అటువైపునకే పోయినది.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. తల్లి సుబ్బమ్మగారు, తండ్రి గోపాలకృష్ణయ్యగారు. పూర్వులు టంగుటూరు గ్రామ కరణీకము చేసినందున ఇంటిపేరు టంగుటూరివారైనది. చిట్టాలు, అడంగళ్ళు వ్రాసిన వంశమునుండి అంతటి వాడు పుట్టెనని మాబోటివారికి కొంత గర్వము కలుగుట సహజమే కదా! పదునొకండవ యేట తండ్రి పోయెను. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి పూటకూళ్ళ యిల్లు నడిపెను. కుఱ్ఱవాడు ధనికుల యిండ్లలో వారములు చేసికొని చదివెను. పరీక్ష రుసుము మూడు రూపాయలు చాలక ఆ తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టెనని ప్రసిద్ధి. మూడు రూపాయలనిన నేటి బాలురకు నవ్వు వచ్చును. ఆనాడు అది యొక కుటుంబమునకు పరువు ప్రతిష్ఠల సమస్య.

బాలుడు చురుకైనవాడే గాని అల్లరి మెండు. నాటకముల పిచ్చి మఱింత మెండు. స్త్రీ పాత్రలు ధరించి మెప్పించెడివాడట. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఈ బాలునిలోని నిప్పును కనిపెట్టి, తాను రాజమహేంద్రవరమునకు మారినపుడు వెంట గొనిపోయి కళాశాలలో చేర్చి, పిదప మద్రాసునకు పంపి న్యాయశాస్త్రము చదివించిరి. ఒక్క గురువు ఒక్క శిష్యుని నమ్మినందువలన దేశమునకు ఎంత లాభము కలుగునో దీనినిబట్టి తెలియుచున్నది. నాటకములలో నేర్చిన గంభీర స్వరము, సభను ఆకట్టుకొను నేర్పు తరువాత కోర్టులో నక్కఱకు వచ్చెననుటలో సందేహము లేదు.

కొంతకాలము ఒంగోలులో వకాల్తీ చేసి, 1894లో రాజమహేంద్రవరము చేరిరి. ఇచ్చట పాఠకులకు ఒక విషయము చెప్పవలెను. ఆ దినములలో న్యాయవాదులందఱు సమానులు కారు. రెండవ తరగతి ప్లీడర్లు క్రింది కోర్టులవరకే వాదింపవలెను. హైకోర్టు గడప దాటి వాదించుట వారికి నిషిద్ధము. తాను క్రింది కోర్టులో సాక్షులను నిలదీసి, రాత్రింబవళ్ళు కాగితములు శోధించి గెలిచిన వ్యాజ్యము అప్పీలుకు పోగా అచ్చట మఱియొకనికి అప్పగించి వెనుక బల్లపై గూర్చుండవలసి వచ్చును. పొలము దున్ని, విత్తి, కలుపు తీసినవాడు కోతనాడు గట్టుపై నిలువబడినట్లు! పంతులుగారు రాజమహేంద్రవరమున గొప్ప పేరు, ధనము సంపాదించిరి. పురపాలక సంఘమునకు అధ్యక్షులును అయిరి. అయినను ఈ లోటు మనస్సున గ్రుచ్చుకొనుచునే యుండెను. ఒకప్పుడు వ్యాజ్యము పనిమీద మద్రాసు పోయినపుడు ఆయన తెలివిని గమనించిన యొక బారిష్టరు, నీవును సీమకు పోయి బారిష్టరు కారాదా యని ప్రోత్సహించెను. ఆ మాట మనస్సున నాటుకొనెను.

1904లో పంతులుగారు ఇంగ్లాండు వెడలిరి. అప్పటికి వయస్సు ముప్పది దాటినది. భార్య హనుమాయమ్మగారు, కుటుంబ భారము, స్థిరపడిన వృత్తి, అన్నియు వదలి సముద్రము దాటుట సామాన్యమైన సాహసము కాదు. సముద్రయానము చేసినవానిని వెలివేయు కాలమది. మద్యము, మాంసము, పొగాకు ముట్టనని తల్లికి మాట యిచ్చి, ఆ మాట నిలుపుకొనిరి. లండనులో చదువుతోపాటు దాదాభాయి నౌరోజీగారు పార్లమెంటు సభ్యత్వమునకు పోటీచేసినపుడు ఆయన కొఱకు పనిచేసిరి. యోగ్యతాపత్రముతో బారిష్టరు పరీక్ష నెగ్గి 1907లో మద్రాసునకు తిరిగి వచ్చి హైకోర్టున వృత్తి నారంభించిరి.

ఆయన వచ్చునాటికి మద్రాసు నగరమంతయు ఒక్క విషయముతో అట్టుడికినట్లుండెను. ఆర్బత్నాటు కంపెనీ యని యొక గొప్ప ఆంగ్ల వర్తక సంస్థ యుండెడిది. పారీ, బిన్నీ కంపెనీలతో సమానమైన పేరు. ఉద్యోగస్థులు, వితంతువులు, దేవాలయ ధర్మకర్తలు, చిన్న వర్తకులు వడ్డీకి ఆశపడి తమ ధనము నందు దాచుకొనిరి. 1906 అక్టోబరు 22వ తేదీన ఆ కంపెనీ తలుపులు మూసికొనెను. లెక్కలు తీయగా లోపల డొల్ల! లండనులోని భాగస్వామి ఆత్మహత్య చేసికొనెను. మద్రాసులోని సర్ జార్జి ఆర్బత్నాటునకు 18 నెలల కఠిన శిక్ష పడెను. దొరలకు శిక్ష పడుట ఆనాడు జనులు కలలో నూహింపని విషయము. దాచుకొన్నవారి పక్షమున వి. కృష్ణస్వామి అయ్యరుగారు పోరాడిరి. దేశీయుల ధనము దేశీయుల చేతనే యుండవలెనను పట్టుదలతో ఇండియన్ బ్యాంకు 1907లో వెలసినది. ఆ రోజులలో హైకోర్టు బారులో క్రొత్తగా నడుగు పెట్టినవారికి ఒక పాఠము తప్పక యెదుటబడును. కంపెనీ యెంత గొప్పదైనను, దాని గుట్టు లెక్కల పుస్తకములలో నుండును. పుస్తకములను చదువగల వకీలు ఎదుట పెద్ద దొరయు తల వంచవలసినదే.

మద్రాసు హైకోర్టునందు అప్పుడు ఐరోపియను బారిష్టర్లును, తమిళ న్యాయవాదులును ప్రబలులు. తెలుగు జిల్లాలనుండి అప్పీళ్ళు గంపలకొలది వచ్చుచుండెను గాని తెలుగు వకీళ్ళు చాలవఱకు క్రింది స్థానములలోనే యుండిరి. గంజామునుండి నెల్లూరువఱకు గల కక్షిదారులు రైలెక్కి, భాష తెలియని నగరమున దిగి, తమ గోడు దుబాసీల ద్వారమున చెప్పుకొనవలసి వచ్చెడిది. మనకు ప్రత్యేక హైకోర్టు 1954 జులైలో గుంటూరున నేర్పడువఱకు ఈ కష్టము తప్పలేదు. అట్టివారికి పంతులుగారి బసలో తెలుగు వినబడుటయే సగము విజయముగా నుండెను. సివిలు వ్యాజ్యములు, క్రిమినలు వ్యాజ్యములు రెండును చేపట్టిరి. లా టైమ్స్ అను న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకులై న్యాయమూర్తుల తీర్పులను నిర్భయముగా విమర్శించిరి. ఉదయము ఎవని యెదుట వాదింపవలెనో ఆతని తీర్పునే సాయంకాలము విమర్శించుటకు ఎంత గుండె నిబ్బరము కావలెనో ఆలోచింపుడు. బిపిన్ చంద్రపాలుగారు మద్రాసు వచ్చినపుడు, పెద్దలు పలువురు వెనుదీయుచుండగా, పంతులుగారు ముందునకు వచ్చి సభాధ్యక్షత వహించిరి.

ఆయన చేపట్టిన క్రిమినలు వ్యాజ్యములలో మిక్కిలి పేరు గాంచినది ఆష్ హత్య వ్యాజ్యము. దీని వెనుక ఒక కంపెనీ కథ యున్నది. అది సముద్రతీర వాసులమైన మనకు ఆసక్తి గొల్పునది గాన కొంత విపులముగా చెప్పెదను.

తూత్తుకుడి రేవునుండి కొలంబోకు నావలు నడుపు వ్యాపారము బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ చేతిలో నుండెడిది. మన విశాఖపట్నము, భీమునిపట్నము తీరములనుండి రంగూను పోవు కూలీలు ఎక్కిన పొగయోడలును ఆ కంపెనీవే. వి.ఓ. చిదంబరము పిళ్ళెయను వకీలు 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ యని పది లక్షల రూపాయల మూలధనముతో నొక సంస్థను రిజిస్టరు చేయించెను. వాటా యొక్కటికి 25 రూపాయలు. గేలియా, లావో యను రెండు ఓడలు కొనిరి. ఆంగ్ల కంపెనీవారు టిక్కెట్టు ధర తగ్గించి తగ్గించి పోటీ చేసిరి. ఆపై రాజకీయ ప్రసంగములు చేసెనని 1908లో చిదంబరము పిళ్ళెకు కఠినమైన ద్వీపాంతరవాస శిక్ష విధించిరి. పై కోర్టున అది తగ్గినను, ఆయన చెఱసాలలో నుండగా కంపెనీ కూలిపోయెను. పట్టుకొని నడుపువాడు లేనిదే వాటాదారులేమి చేయగలరు? ఈ యణచివేతలో ఆష్ అను దొరకు ప్రధాన పాత్ర కలదని జనులు నమ్మిరి. 1911 జూన్ 17వ తేదీన మణియాచ్చి రైలు స్టేషనులో తిరునల్వేలి కలెక్టరుగా నున్న ఆ ఆష్‌ను వాంచి అయ్యరు అను యువకుడు కాల్చి చంపి తానును కాల్చుకొనెను.

పదునలుగురు యువకులపై కుట్ర కేసు పెట్టిరి. ముగ్గురు న్యాయమూర్తులు గల ప్రత్యేక ధర్మాసనము మద్రాసు హైకోర్టున విచారణ జరిపినది. దొర హత్య జరిగినది, దేశమంతయు భయముతో నున్నది, పోలీసులు కనిపెట్టిన ప్రతివాని పేరు వ్రాసికొనుచున్న సమయమది. అట్టి నిందితుల పక్షమున నిలువబడుటకు ఎందఱు బారిష్టర్లు ముందునకు వత్తురు? పంతులుగారు వచ్చిరి. కుట్ర కేసులలో నేరము చేతిలో దొరకదు, మాటలలో, ఉత్తరములలో, ఒకచో కూడుటలో నున్నదని ప్రభుత్వము వాదించును. ఆ మాటకు, ఈ మాటకు ముడి వేసిన దారము ఎక్కడ తెగునో చూపుటయే ప్రతివాది వకీలు పని. తీర్పున తొమ్మండుగురికి శిక్షలు పడెను, అయిదుగురు విడుదలైరి. ఎవరికిని ఉరిశిక్ష పడలేదు. పంతులుగారు వాదించిన నిందితునకు స్వల్ప శిక్షయే పడెను.

అటుపై వృత్తి దినదినాభివృద్ధి యయ్యెను. లక్షలార్జించిరి, ఆస్తులు కొనిరి. ఆ దశలో నాగినచో ఆయన పేరు మద్రాసు బారు చరిత్రలో నొక పుటకే పరిమితమై యుండెడిది. 1921లో గాంధీ మహాత్ముని పిలుపు విని ఆయన వృత్తిని పూర్తిగా వదలుకొనిరి. కోర్టులను బహిష్కరింపుడని ప్రసంగించి, సాయంకాలము రహస్యముగా కక్షిదారులకు సలహా చెప్పినవారును ఆ కాలమున గలరు. పంతులుగారు అట్టివారు కారు.

అంతటితో నూరకుండలేదు. అదే యేట మద్రాసునుండి స్వరాజ్య యను ఆంగ్ల దినపత్రిక నారంభించిరి. తెలుగు, తమిళ భాషలలోను దానిని వెలువరించిరి. ఖాసా సుబ్బారావుగారు, కోటంరాజు రామారావుగారు వంటి పత్రికారచయితలు దానిలో పనిచేసి పేరు తెచ్చుకొన్నవారే. ఆ పత్రికకు కంపెనీ నేర్పఱచి దేశాభిమానులవలన వాటాలు సేకరించిరి. చాలనిచో తన సొమ్ము పోసిరి. ప్రకటనలిచ్చు పెద్ద కంపెనీలు ఆంగ్లేయులవి. అవి స్వరాజ్యకు ప్రకటనలిత్తురా? ప్రభుత్వమునకు కన్నెఱ్ఱ. జీతములు నెలలతరబడి నిలిచిపోయినను రచయితలు వదలిపోలేదు. న్యాయవాదిగా కూడబెట్టినదంతయు ఆ యంత్రములలో, కాగితములో, సిరాలో కలిసిపోయెను. తుదకు పత్రిక మూతబడెను.

ఇచ్చట లెక్కలు వ్రాయువానిగా నా అభిప్రాయము చెప్పుకొననిండు. పంతులుగారు ఇతరుల కంపెనీ వ్యాజ్యములలో చూపిన జాగ్రత్త తమ కంపెనీ విషయమున చూపలేదని విమర్శకులందురు. అది కొంతవఱకు నిజమే. ఇంటి సంచి వేఱు, కంపెనీ సంచి వేఱు అను నియమమును ఆయన పాటింపలేదు. అయితే సామాన్యముగా ఈ నియమమును తప్పినవారందఱు కంపెనీ సంచినుండి తీసి ఇంటి సంచిలో వేసికొందురు. ఆర్బత్నాటు దివాలాలో జనుల ధనము దొరల వ్యాపారములకు పోయినది. పంతులుగారి యిల్లు మాత్రము తలక్రిందుగా, ఇంటినుండి కంపెనీకి ప్రవహించినది. లెక్కల శాస్త్రమున రెండును తప్పే. ధర్మశాస్త్రమున రెండును ఒక్కటి కావు. కర్ణుని దానమును మెచ్చుకొనువారమే, కర్ణుడు తన కవచము కోసి యిచ్చుట వివేకమా యని యడుగుచుందుము. జవాబు నేటివఱకు తేలలేదు.

1928 ఫిబ్రవరిలో సైమను కమీషను బొంబాయిలో దిగినపుడు మద్రాసులో హర్తాళము జరుగుటయు, హైకోర్టునకు సమీపమున పారీసు మూలవద్ద పోలీసు కాల్పులలో మరణించినవానిని చూడబోయిన పంతులుగారిపై తుపాకి గుఱిపెట్టగా ఆయన ఱొమ్ము చూపి ముందునకు నడచుటయు అందఱెఱిగినదే. ఆంధ్రకేసరి యను బిరుదు అప్పటిది. దానిని మరల వర్ణింపను. ఏ హైకోర్టులో నల్లకోటుతో వేలు సంపాదించెనో దాని వాకిటనే ఖద్దరు చొక్కా గుండీలు విప్పి నిలువబడెనను సంగతి మాత్రము గుర్తుంచుకొనదగినది.

మన ప్రాంతపు రైతులకు పంతులుగారివలన కలిగిన మహోపకారము మఱియొకటి కలదు. దానిని ఈ తరమువారు మఱచిపోవుచున్నారు. 1937లో రాజాజీగారి మంత్రివర్గమున పంతులుగారు రెవిన్యూ మంత్రియైరి. జమీందారీ రైతుల కష్టములను విచారించుటకు శాసనసభల సభ్యులతో నొక సంఘమును నియమించి దానికి వారినే అధ్యక్షులను చేసిరి. ప్రకాశము కమిటీ యని దానినే యందురు.

పూర్వపు సంగతి తెలిసిననే గాని దీని విలువ తెలియదు. 1802లో ఈస్టిండియా కంపెనీవారు శాశ్వత పరిష్కారము చేసిరి. జమీందారు ప్రతి సంవత్సరము కంపెనీకి కట్టవలసిన పేష్కషును శాశ్వతముగా నిర్ణయించిరి. విజయనగర సంస్థానమునకు అది అయిదు లక్షల రూపాయలు. మన సింహాచలము చుట్టుపట్ల గల గ్రామములు ఆ సంస్థానపు నీడలోనివే. పేష్కషు శాశ్వతము. మఱి రైతు జమీందారునకు కట్టు శిస్తు? అది శాశ్వతము కాలేదు. ఏటేట పెరుగుచు వచ్చెను. పైనున్నవానికి కట్టవలసినది కదలదు, క్రిందివానివద్ద వసూలు చేయునది కదలుచునే యుండును. ఇక మధ్యవానికి లోటేమి? 1908లో ఎస్టేట్సు ల్యాండు చట్టము వచ్చి రైతునకు సాగుహక్కు నిచ్చినను శిస్తుభారము తీఱలేదు. చెఱువు మరమ్మతు చేయువారు లేరు. అడవిలో పుల్ల ఏరుకొనినను, బీటిలో పశువును మేపినను తగవే.

బారిష్టరు విద్య యంతయు పంతులుగారు ఈ విచారణలో వినియోగించిరి. ప్రశ్నావళి పంపి, రైతులు, జమీందారులు ఉభయుల సాక్ష్యములు స్వీకరించి, సన్నదులు, కబూలియత్తులు, పట్టాలు, ముచ్చిలికలు, పూర్వపు దొరల నివేదికలు తీయించి శోధించిరి. జమీందారులవైపున ఉద్దండులైన న్యాయవాదులు, శతాబ్దముపైబడిన తీర్పులు. రైతులవైపున అరిగిన పట్టా కాగితము, తాతనుండి విన్న మాట. కోర్టులో నిట్టి వ్యాజ్యము వచ్చినచో రైతు ఓడుట యనివార్యము. అతని వద్ద దస్తావేజు లేదు. కాని విచారణ సంఘము ఎదుట ప్రశ్న వేఱు. ఈ కాగితము ఎవరిదని గాక, ఈ నేల మొదట ఎవరిదని పంతులుగారు అడిగిరి. 1802లో కంపెనీ జమీందారున కిచ్చినది నేలయా, లేక నేలపై శిస్తు వసూలు చేయు అధికారమా? తనకు లేనిదానిని కంపెనీ యితరునకు ఎట్లు ఇయ్యగలదు? ఈ ప్రశ్నకు దొరల నివేదికలనుండియే సమాధానము తీసిరి. నేలకు రైతే స్వామి యనియు, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమే యనియు, శిస్తును 1802 నాటి స్థాయికి తగ్గింపవలెననియు 1938లో వెలువడిన నివేదికలో అధిక సంఖ్యాకులు నిర్ణయించిరి. భిన్నాభిప్రాయములును నివేదికతో జతపడినవి.

జమీందారులు గగ్గోలు పెట్టిరి. స్వపక్షములోనే కొందఱకు ఇది మింగుడు పడలేదు. చట్టము కాకముందే 1939 అక్టోబరులో యుద్ధ కారణమున మంత్రివర్గము రాజీనామా చేసెను. నివేదిక బీరువాలో పడియుండెను. అయినను ఒకసారి వ్రాతలో నెక్కిన సత్యము చెఱపివేయుట కష్టము. 1947లో శిస్తుల తగ్గింపు చట్టమును, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టమును వచ్చినవి. అప్పటికి పంతులుగారు పదవిలో లేరు. నేడు మన చేతనున్న రైతువారీ పట్టాకు మూలము వెదకుచు పోయినచో ఆ విచారణ సంఘపు బల్లవద్దకు చేరుదుము.

1946 ఏప్రిలులో పంతులుగారు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రియైరి. అపుడు క్రొత్త బట్టల మిల్లుల విస్తరణకు అనుమతింపక, ఖద్దరు పథకమునకు ప్రాముఖ్యమిచ్చుటచే మిల్లు యజమానుల ఆగ్రహమునకు గుఱియైరి. ఈ విషయమున నేను ఆయనతో పూర్తిగా నేకీభవింపను. రాట్నమువలన దేశమంతటికి వస్త్రము సమకూరునా యను సందేహము నాకు గలదు. కాని ధనవంతులు కోపింతురని వెనుదీయుట ఆయన స్వభావమున లేదు. పదునొకండు నెలలకే పదవి పోయెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ఎనుబదియొకటవ యేట ప్రథమ ముఖ్యమంత్రియై కర్నూలున గూర్చుండిరి. మఱుసటి నవంబరులో మద్యనిషేధపు విషయమున వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటుతో నెగ్గెను. లండను పోవుచు మద్యము ముట్టనని తల్లికి మాట యిచ్చినవాని ప్రభుత్వము మద్యముపై పడిపోవుట విచిత్రమే.

చివరి దినములలో సొంత యిల్లు లేదు, నిలువ ధనము లేదు. అభిమానులే ఆదుకొనిరి. ఎండకాలమున ఒంగోలు ప్రాంతమున హరిజనవాడలో పర్యటించుచుండగా వడదెబ్బ తగిలి, హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో చేర్పింపబడి, 1957 మే 20వ తేదీన కీర్తిశేషులైరి. ఆ యేడే పూర్తియైన కృష్ణ బ్యారేజికి ఆయన పేరు పెట్టిరి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశము జిల్లా యయ్యెను.

పంతులుగారు నా జీవిత యాత్ర యను పేర స్వీయచరిత్ర వ్రాసిరి. అది ముగియకుండగనే వారు గతించిరి. మిగిలిన భాగమును వ్రాసి పూర్తిచేసినవారు మన విశాఖపట్నపు న్యాయవాదియు, ప్రకాశము మంత్రివర్గమున ఆర్థికమంత్రియు నైన శ్రీ తెన్నేటి విశ్వనాథముగారు. చందాదారులలో యువకులు ముందుగా రాజమహేంద్రవరపు ప్రకరణములను చదువుదురుగాక. కోర్టు కథలు అందే యున్నవి.